పన్నెండు రోకలిబండలతో తిరువళ్ళూరు ప్రయాణం

తిరుత్తణికి పోయినవాళ్ళు ఎవరైనా కొండెక్కి సామిని చూసుకుని వస్తారు. నేను ఒక పగలూ ఒక రాత్రీ ఆ ఊళ్ళో ఉండి కూడా కొండ మొదటి మెట్టు మీద కాలు పెట్టలేదు. తిరువళ్ళూరులో పెరుమాళ్ళ గోపురానికి వీధి చివర నిలబడి దండం పెట్టుకోవడమే అయింది. నా చేతిలో డబ్బా ఉంది, డబ్బాలో పన్నెండు రోకలిబండలు ఉన్నాయి, దంచేవి కాదు, పాకే పురుగులు. డబ్బాతో గుడిలోకి రానివ్వరు. డబ్బాను నమ్మి ఎవరి చేతికీ ఇవ్వడానికి లేదు.

తిరిగి వచ్చి రెండు నెలలు దాటింది, నా కోపం ఇంకా దిగలేదు. మా వీధిలో తెలుగు రాయడం వచ్చినది మా ఆడబిడ్డ ఒకతే. నేను చెబుతుంటే ఆమె రాస్తోంది. "ఇంత కోపంగా రాయాల్నా వదినా?" అని ఇప్పటికే రెండుసార్లు అడిగింది. రాయమన్నాను. మీరెవరూ రోకలిబండల కోసం ప్రయాణం చేసి ఉండరు కాబట్టి, జరిగింది జరిగినట్టు చెబుతాను.

అత్తిమంజేరిపేట

మాది మగ్గాల వీధి. మా ఆయన పోయి తొమ్మిదేళ్ళు. ఆయన మగ్గం ఇప్పుడు నాది. కిందటి ఏడు వానల్లో వసంత అనే పిల్ల మా ఇంటికి వచ్చి ఉంది. ఆమె తల్లి సరోజ మా ఇంటికి నాలుగిళ్ళ అవతల పుట్టినదే, ఇప్పుడు తిరువళ్ళూరు పక్కన మణవాళనగర్‌లో కాపురం. వసంత తిరువళ్ళూరులో ఒక కాలేజీలో పెద్ద చదువు చదువుతోంది. పట్టా చేతికి రావాలంటే ఏదో ఒకదాన్ని తానే వెతికి చూసి పుస్తకం రాసివ్వాలట. ఆ పిల్ల రోకలిబండను ఎంచుకుంది.

రోకలిబండ అంటే మీకు ఒకటే. నాకూ అప్పటిదాకా అంతే. మా కొండ వాలులో సీతాఫలం చెట్ల కింద ఆకుతుక్కు కదిలిస్తే మూడు తెగలు బయటపడతాయి. వేలంత పొడుగున గుండ్రంగా ఉండి, తాకితే చుట్ట చుట్టుకునేది ఒకటి. ముట్టుకోగానే గోలీకాయ అయిపోయేది ఒకటి. వీపు బల్లపరుపుగా, ఒళ్ళంతా నల్లగా, రెండు పక్కలా పసుపు చుక్కలతో అంచు పెట్టిన చీరలాగా ఉండేది మూడోది. వసంతకు కావలసింది ఈ మూడోది.

జెర్రికీ దీనికీ చుట్టరికం కలపకండి. జెర్రికి కణుపుకు ఒక జత కాళ్ళు, నోటి దగ్గర విషపు కొండి. రోకలిబండకు కణుపుకు రెండు జతలు, కరవడానికి ఏమీ లేదు. భయపడితే పక్కల నుంచి ఒక వాసన వదులుతుంది, అంతే దాని ఆయుధం. వెయ్యి కాళ్ళంటారు. ఎవరు లెక్కపెట్టారు? ఈ బల్లపరుపు రకంలో ఎదిగిన ఆడదానికి అరవై రెండు, మగదానికి అరవై. తక్కువైన ఆ జత మగదానికి కాళ్ళుగా ఉండదు. ఆడదానితో కలిసే పనికి కొక్కెంలాగా మారి పొట్ట కింద మడిచి ఉంటుంది. ఆ కొక్కెం ఆకారం చూసి, కణుపులు లెక్కపెట్టి, ఏది ఏ రకమో తేలుస్తారట. వీపు రంగు చూసి చెప్పేవాళ్ళు మోసపోతారని వసంత అనేది.

వచ్చిన పది రోజులకు పిల్లకు కామెర్లు పట్టాయి. కళ్ళు పసుపు ముద్దలయ్యాయి, సూదిమొన కనబడదు. పని ఆగిపోతే ఏడాది పోతుందని ఏడ్చింది. అప్పుడు నేను కొండకు పోయి ఏరుకొచ్చి, ఇత్తడి పళ్ళెంలో పెట్టి, సూదితో కణుపు కణుపునూ తాకి లెక్క చెప్పాను. పిల్ల పడుకునే రాసుకుంది. పోగులు లెక్కపెట్టిన కన్ను నాది, తడబడదు. అలా లెక్కపెట్టినవాటిని చెడిపోకుండా స్పిరిట్‌లో వేసి నలభై సీసాలు నింపాం. ఎదిగినవాటన్నిటికీ పద్నాలుగు కణుపులు. మగవాటికి కొక్కెం మూడో కణుపులో. కామెర్లు రాకముందు వసంత తానే లెక్కపెట్టినవాటికి మాత్రం ఇరవై కణుపులు, కొక్కెం ఏడో దానిలో. ఇది వినగానే పిల్ల మంచం మీద లేచి కూర్చుంది.

"అత్తా, ఇది వేరే రకం. ఎవురూ చూడని రకం" అంది.

సీసాలు కాలేజీకి పోయాయి. పిల్ల మణవాళనగర్‌లో తల్లి దగ్గర నెలల తరబడి పథ్యం మీద ఉండి, నా లెక్క పెట్టుకునే పుస్తకం రాసింది. ఈ కార్తీకంలో ఆ పిల్ల దగ్గర్నుంచి కార్డు వచ్చింది. మా ఆడబిడ్డ చదివి వినిపించింది. పుస్తకం చూసిన పెద్ద సారు, పద్నాలుగు కణుపుల రోకలిబండ లోకంలో లేదు, ఈ పిల్ల కొండకు పోకుండా ఇంట్లో కూర్చుని అబద్ధం రాసింది అన్నాడట. సోమవారం అందరి ముందూ అడుగుతాడట, జవాబు చెప్పలేకపోతే పేరు కొట్టేస్తాడట. చూపిద్దామంటే సీసాల్లో స్పిరిట్ ఎండిపోయి, లోపలివి కణుపుకు కణుపు ఊడి పొడిపొడిగా పడి ఉన్నాయట. పోయడానికి కాలేజీలో మనిషి ఉన్నాడు, పోయలేదు.

చివర "నా సంవత్సరం పోయినట్టే అత్తా" అని ఉంది.

అబద్ధమా? నా కళ్ళతో చూసి, నా నోటితో చెప్పిన లెక్క అది. ఆ పొద్దే కొండకు పోయాను. పాలపిండి డబ్బా మూతకు మేకుతో బొక్కలు కొట్టి, తడి ఆకు పరిచి, పన్నెండింటిని వేసుకున్నాను. మూతకు గాలి ఉండాలి. బిగించేస్తే అవి వదిలిన వాసనకు అవే చస్తాయి. పైన నేను నేసిన తుండు చుట్టి, శనివారం తెల్లారి బస్సెక్కాను.

బస్సులో బాదంపాలు

పొదటూరుపేట దాటేదాకా ఎవరికీ ఏమీ తెలియలేదు. తర్వాత రోడ్డు గుంతలు మొదలయ్యాయి. డబ్బా ఒళ్ళో ఎగిరింది. లోపలివి బెదిరి వాసన వదిలాయి. ఆ వాసన చెడ్డది కాదు, మీరు నమ్మరు గానీ అచ్చం పెళ్ళిళ్ళలో పోసే బాదంపాలు.

ముందు సీటులో ఒక పెద్దాయన వెనక్కి తిరిగాడు. "ఎవురో బాదంపాలు తెచ్చినారే. యాడ దొరికిందబ్బా ఈ పొద్దున్నే?"

ఆయన పక్కనున్న ఆమె నా తుండు వైపు చూసింది. "ఆ అవ్వ డబ్బాలోనే ఉన్నట్టుంది. మనమడికి తీసకపోతా ఉంటుంది పాపం."

"పాలు కాదు తల్లీ, రోకలిబండలు" అన్నాను. దాచడానికి నేనేమన్నా దొంగసారా తీసుకుపోతున్నానా?

అంతే. కాళ్ళన్నీ సీట్ల మీదికి లేచాయి. కోళ్ళ గంప పెట్టుకుని కూర్చున్నవాడు కూడా లేచాడు. బస్సంతా రెట్టల కంపు చేసింది వాడి కోళ్ళు, వాడు నన్ను చూసి ముక్కు మూసుకున్నాడు. కండక్టర్ వచ్చాడు.

"ఎన్నమ్మా ఇదు? పురుగుల్ని ఎందుకు తెస్తాండావు? ఎరంగు, ఎరంగు."

"టికెట్టు తీసుకున్నా. ఎందుకు దిగాల?"

"నీకు టికెట్టు, పురుగులకు?"

అందరూ నవ్వారు. "కోళ్ళకు తీసుకున్నాడా?" అని అడిగాను. నవ్వు ఆగింది గానీ న్యాయం జరగలేదు. కండక్టర్ డబ్బా లాక్కుని, మూత బొక్కలు మూసుకుపోయేలా తుండును నాలుగు మడతలు వేసి, బిగించి ముడి వేశాడు. గాలి ఆడదు, చస్తాయి అని చెప్పాను. చస్తే మంచిదే గదా అన్నాడు. ఆ ముడి తిరుత్తణిలో దిగేదాకా విప్పనివ్వలేదు. వాడి పక్కనే నిలబెట్టుకుని తెచ్చాడు నన్ను, ఏదో జేబు కొట్టినదాన్ని పట్టుకున్నట్టు.

తిరుత్తణి

బస్టాండులో ముడి విప్పి చూస్తే ఐదు చచ్చి ఉన్నాయి. అందులో మూడు మగవి. మిగిలిన ఏడింటిలో మగవి రెండే. అక్కడే నేల మీద కూలబడి కండక్టర్‌నూ వాడి వంశాన్నీ తిట్టాను. మా ఆడబిడ్డ ఆ మాటలు రాయనంటోంది.

ఇంతలో తిరువళ్ళూరు పోయే ప్యాసింజరు రైలు వెళ్ళిపోయింది. మళ్ళీ మర్నాడే అన్నారు. సత్రానికి పోతే గుమాస్తా డబ్బాలో ఏముందని అడిగాడు. చెప్పాను. పుణ్యానికి వచ్చేవాళ్ళు పడుకునే చోటు, పురుగులు కూడదన్నాడు. ఆయన కూర్చున్న బల్ల చెక్కలో నల్లులు వరస కట్టి పోతున్నాయి, వాటికి మాత్రం సత్రంలో చోటుంది.

కొండదారి మొదట్లో పూలు కట్టే ఆమె నన్ను పిలిచింది. పేరు కన్నమ్మ. నాలాగే బొట్టు లేని మొహం. మాటలో సగం తమిళం, సగం తెలుగు.

"ఏమక్కా, పొద్దున్నుంచీ ఆ డబ్బా పట్టుకుని తిరగతాండావు. నగలా?"

"రోకలిబండలు."

"ఓ, మరవట్టైనా? చూపించు." మూత తీసి చూసింది. కాళ్ళు పైకి పెట్టుకోలేదు. "మా పూలగంపలో దినమూ వస్తాయి ఇవి. కరిసేది లేదు, ఏం లేదు. నేను తీసి పక్కన పారేస్తా."

ఆ రోజంతా నేను కలిసినవాళ్ళలో బుద్ధి ఉన్న మనిషి ఆమె ఒకతే. పూలగంపలోని తడి అరటినార తీసి డబ్బాలో పరిచింది. తన దుకాణం అరుగు మీద చోటిచ్చింది. పెరుగన్నంలో దబ్బకాయ ఊరగాయ నంజుకుని ఇద్దరం తిన్నాం. మా వైపు సంగటి ముద్ద తింటే పొద్దుగూకేదాకా కడుపు అడగదు, ఈ పెరుగన్నం గంటకే అరిగిపోతుంది. హోటలు ఇడ్లీ పదిహేను పైసలు, బొటనవేలంత కూడా లేదు. మా పేటలో పది పైసల ఇడ్లీ అరచేయంత ఉంటుంది. సామి ఊరని ఏది చెప్పినా ఇస్తారనుకున్నారు కాబోలు.

ఎదురుగా మొక్కుబడి రేకులు అమ్మేవాడు ఉన్నాడు. కాలు నొప్పి ఉంటే కాలు రేకు, కన్ను నొప్పి ఉంటే కన్ను రేకు కొని హుండీలో వేస్తారు. పురుగూ పుట్రా భయం లేకుండా పాము, తేలు, జెర్రి రేకులు కూడా ఉన్నాయి. జెర్రి రేకు చేతిలోకి తీసుకుని చూస్తే కణుపుకు మూడు కాళ్ళు, ఒక పక్క రెండు, ఒక పక్క ఒకటి.

"ఏం నాయనా, ఇది యాడన్నా చూసి చేసినావా?"

"అచ్చులో ఎట్లా ఉంటే అట్లా వస్తుందిమా."

"జెర్రికి ఒక జతే. ఇది జెర్రీ కాదు, రోకలిబండా కాదు."

"సామికిమా ఇది. సామి కాళ్ళు లెక్కపెడతాడా?"

కన్నమ్మ పడీపడీ నవ్వింది. నాకు నవ్వు రాలేదు. చేసినవాడు లెక్కపెట్టలేదు, అమ్మేవాడు లెక్కపెట్టలేదు, కొనేవాడు లెక్కపెట్టడు, ఆఖరికి సామి మీద తోసేశారు.

మణవాళనగర్

ఆదివారం మధ్యాహ్నానికి సరోజ ఇంటికి చేరాను. రైలు పట్టాల దగ్గర వరస ఇళ్ళు. మగవాళ్ళందరూ పొద్దున బండెక్కి మద్రాసు పోయి, రాత్రికి వచ్చే రకం. పక్కింట్లో ఎవరుంటారో వీళ్ళకు తెలియదు. మా వీధిలో ఒక మగ్గం ఆగితే నాలుగిళ్ళ వాళ్ళు ఏమైందని వస్తారు.

సరోజ కాఫీ ఇచ్చింది. వసంత చిక్కిపోయి ఉంది. డబ్బా చూడగానే మొహం విప్పారింది.

"తెచ్చినావా అత్తా? పద్నాలుగువేనా?"

"నేను చూసినాక వేరే ఉంటాయా?"

వెలుతురు ఉండగానే వాకిట్లో కూర్చున్నాం. ఒక మగదాన్ని తీసి పళ్ళెంలో పెట్టాం. వసంత సూదితో లెక్కపెట్టింది.

"ఇరవై" అంది.

"సరిగా చూడు. పద్నాలుగు."

మళ్ళీ ఇరవై అంది. ఇంకోటి తీసింది, దానికీ ఇరవై. చదువుకున్నావు గానీ లెక్క రాలేదని కోప్పడ్డాను. పిల్ల సూది నా చేతికిచ్చింది. "నువ్వు పైకి చెబుతా లెక్కపెట్టు, నేను చూస్తా."

నేను లెక్కపెట్టాను. ఒకటి, రెండు, మూడు, నా చేయి పోతోంది. పద్నాలుగు దగ్గర ఆగింది. పిల్ల మెల్లగా అడిగింది.

"అత్తా, తల పక్కన నాలుగు ఎందుకు వదిలేసినావు?"

"అది తలకట్టు కదా."

"తోక దగ్గర రెండు?"

"అది కొంగు. తలకట్టూ కొంగూ ఎవరు లెక్కపెడతారు?"

చెబుతూనే సూదిని మళ్ళీ పురుగు తల దగ్గరికి జరిపాను.

మగ్గం ఎరగనివాళ్ళకు ఒక మాట చెప్పాలి. గుడ్డ మొదలుపెట్టేటప్పుడు పోగులు నిలదొక్కుకోవడానికి కొద్దిగా నేస్తాం, అది తలకట్టు. ముగించేటప్పుడు కొద్దిగా, అది కొంగు. మధ్యలోదే ఒళ్ళు. ఎంత నేశావని అడిగితే ఒళ్ళే చెబుతాం. మా అమ్మ నాకు అట్లాగే నేర్పింది, నేను అట్లాగే నలభై ఏళ్ళు చెప్పాను. ఆ పురుగు చూడండి ఎట్లా ఉంటుందో. తల వెనక మొదటి కణుపుకు కాళ్ళే లేవు. తర్వాత మూడింటికి ఒక్కొక్క జతే. అక్కడి నుంచి పద్నాలుగు కణుపులకు నిండుగా రెండేసి జతలు. చివరి రెండింటికి మళ్ళీ ఏమీ లేవు. నా కన్ను దానంతట అదే మొదటి నాలుగూ దాటి ఒళ్ళు మీద పడింది. చివర రెండు దగ్గర ఆగింది. ఎక్కడి నుంచి మొదలుపెట్టావని ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. చెప్పాల్సిన సంగతని నాకు తోచనే లేదు.

కొక్కెం మూడో కణుపులో అన్నాను. మూడుకు తలకట్టు నాలుగు కలిపితే ఏడు. వసంత వేళ్ళ మీద కలిపి చూసుకుంది. నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది.

"అయితే కొత్త రకం లేదు అత్తా. అంతా ఒకటే."

"నా వల్లే పోయింది."

"దానికి నీ పేరు పెట్టాలని అనుకోనుంటి."

పురుగుకు నా పేరెందుకని కసిరాను. కసిరాను గానీ, ఆ మాట లోపలెక్కడో గుచ్చుకుంది. నా పేరు రేషను కార్డులో తప్ప ఇంకెక్కడా లేదు. అందులోనూ తప్పుగానే రాశారు.

ఎదురు

సోమవారం పొద్దున పిల్ల తల దువ్వుకుంటోంది. సరోజ నన్ను వంటింట్లోకి పిలిచింది. ఆమె చీర చెంగు నలుపుకుంటుంటేనే సంగతి అర్థమైంది.

"వదినా, ఏమీ అనుకోవద్దు. పిల్ల గడప దాటేటప్పుడు నువ్వు వెనకింట్లో ఉండు. తర్వాత వేరేగా పోదువు గాని."

మొగుడు పోయినది ఎదురొస్తే పని చెడుతుందని. నాకు తెలియనిదా? మా వీధిలోనూ ఉంది ఆ మాట. కానీ ఆ మాట అన్నది సరోజ. దాని బిడ్డ నలభై రోజులు నా ఇంట్లో పడుకుని, నా చేతి గంజి తాగి, కళ్ళలో పసుపు దించుకుంది. అప్పుడు పొద్దున లేవగానే ఆ పిల్ల చూసింది ఎవరి మొహం? అదే అడిగాను. సరోజ తల వంచుకుంది.

"నాకు నీ మీద ఏం లేదు వదినా. బయమైతాంది, అంతే. దాని సంవత్సరం గదా."

వసంత జడ చేత్తో పట్టుకునే వచ్చింది. "అమ్మా, డబ్బా అత్త చేతిలో ఉంది. పురుగులు లేకుండా నేను పోయి ఏం చేసేది? డబ్బా ముందు పోవాల, నేను వెనక."

అట్లా నేనే ముందు గడప దాటాను. వీధిలో ఇద్దరు ముగ్గురు చూశారు. చూడనీ అనుకున్నాను.

కాలేజీలో

పెద్ద సారు గది నిండా సీసాలు. అద్దాల బీరువాలో పాములు, తొండలు, చేపలు. కింది వరసలో నా నలభై సీసాలు ఉన్నాయి, మూతల మీద నేను కట్టిన దారపు ముడులతో సహా. ఎండిపోయి, అడుగున నల్లటి నూకలాగా మిగిలాయి.

ఆయన తమిళంలో మాట్లాడాడు. నాకు తమిళం వచ్చు. ఇంకో ఇద్దరు మాస్టర్లు కుర్చీల్లో ఉన్నారు.

"ఎవరీమె?"

"నేను జబ్బుగా ఉన్నప్పుడు లెక్కపెట్టినామె సార్" అంది వసంత.

"ఏం చదివింది?"

"మగ్గం నేస్తాను సామీ" అన్నాను.

ఆయన మిగతా ఇద్దరి వైపు చూసి నవ్వాడు. తర్వాత వసంతకు పాఠం చెప్పాడు. ఈ జాతి పిల్ల గుడ్డు నుంచి వచ్చేటప్పుడు ఏడు కణుపులతో వస్తుందట. కుబుసం విడిచినప్పుడల్లా పెరిగి తొమ్మిది, పన్నెండు, పదిహేను, పదిహేడు, పద్దెనిమిది, పంతొమ్మిది, ఇరవై. ఇరవైతో ఎదుగుదల ఆఖరు.

"ఈ మెట్లలో పద్నాలుగు ఎక్కడుంది? పద్నాలుగు కణుపులదానికి మగ కొక్కెం ఉందని రాశావు. పాలు తాగే బిడ్డకు మీసం వచ్చిందని రాసినట్టు ఉంది."

వాళ్ళిద్దరూ నవ్వారు. పిల్ల కళ్ళు నేల మీద ఉన్నాయి. నేను అడిగాను.

"సీసా మూత తీసి చూసినారా సామీ?"

"ఏం చూసేది? అన్నీ ముక్కలు."

"ముక్కలు కాకముందు? ఏడాది నుంచి మీ గదిలోనే ఉండాయి గదా."

ఎవరూ తీయలేదు మూత. ఆ పిల్ల అబద్ధాలకోరని కాలేజీ అంతా చెప్పుకోవడానికి తీరిక ఉంది, చేయి చాచి ఒక బిరడా తిప్పడానికి తీరిక లేదు. నేను డబ్బా ఆయన పుస్తకం మీద పెట్టి మూత తీశాను. చేతులు వెనక్కి తీసుకున్నాడు. వీటి మీద పుస్తకాలు చదివిన మనిషి.

"కరవవు సామీ" అన్నాను. "లెక్కపెట్టండి."

భూతద్దం తెచ్చి ఇంగ్లీషులో లెక్కపెట్టాడు. ఇరవై. అప్పుడు నేను సూది తీసుకుని, ఈసారి ఏదీ వదలకుండా పైకి చెప్పాను. తలకట్టు నాలుగు. ఒళ్ళు పద్నాలుగు. కొంగు రెండు. తలకట్టు అంటే ఏమిటన్నాడు. డబ్బా చుట్టిన తుండు విప్పి బల్ల మీద పరిచాను. వేలు పెట్టి చూపించాను. ఇక్కడ మొదలు, ఇక్కడ ఒళ్ళు, ఇక్కడ ముగింపు. ఆయన తుండు చూశాడు, పురుగును చూశాడు, మళ్ళీ తుండు చూశాడు. పురుగును తిప్పి పొట్ట కింద కొక్కెం చూశాడు. ఒళ్ళులో మూడోది, మొత్తంలో ఏడోది. మిగతా ఇద్దరూ కుర్చీలు జరుపుకుని దగ్గరికొచ్చారు.

పెద్ద సారు భూతద్దం కింద పెట్టి వసంతతో అన్నాడు. "సరే, నువ్వు అబద్ధం రాయలేదు. తప్పు ఈమెది. చదువురాని సహాయకురాలి లెక్క తప్పు అని రాసి, ఆ నలభై సీసాల లెక్కా కొట్టేయ్. నీ సంవత్సరం నిలుస్తుంది."

వసంత కలం తెరిచింది గానీ రాయలేదు. నన్ను చూసింది. ఒక్క గీత గీస్తే ఆమె గట్టెక్కుతుంది. రాయమని చెబుదామనే నోరు తెరిచాను. కానీ నా నోట వేరే మాట వచ్చింది.

"సామీ, మొదలు ఎక్కడో చెప్పకపోవడం నా తప్పు. అది రాసుకోండి. లెక్క తప్పని మాత్రం రాయొద్దు. తప్పు లెక్కయితే ఒకసారి పదమూడు వస్తుంది, ఒకసారి పదహారు వస్తుంది. నలభై సీసాల్లో యాడైనా పద్నాలుగు తప్పిందా? వెతకండి."

ఆయన వెతికాడు. పుస్తకం తిరగేస్తూ పట్టీ మీద వేలు జరుపుకుంటూ పోయాడు. పద్నాలుగు, పద్నాలుగు, పద్నాలుగు.

"ఆరు కలిపితే అన్నీ ఇరవై" అన్నాడు, తనలో తాను చెప్పుకున్నట్టు. "కొట్టేయక్కరలేదు."

ఆ ముక్క ఆయనే రాశాడు, వసంత కలం తీసుకుని. నన్ను మళ్ళీ అడిగి మరీ రాశాడు. తలకట్టు ఎన్ని, ఒళ్ళు ఎన్ని, కొంగు ఎన్ని. పిల్లను నెలనాళ్ళు ఏడిపించినందుకు ఒక్క మాట అనలేదు. నన్ను కూర్చోమని కూడా అనలేదు. రాయడం అయ్యాక నా తుండుతో వేళ్ళు తుడుచుకుని మడిచి తన పక్కన పెట్టుకున్నాడు.

"తుండు ఇవ్వండి సామీ" అన్నాను. "వాటికి కప్పాల."

ఇచ్చాడు. నేను కదల్లేదు. సీసాలకు స్పిరిట్ పోయించమన్నాను. నావి ఎట్లాగూ పోయాయి, పై వరసలో ఉన్నవైనా మిగలాలి. పోసే మనిషి సెలవు అన్నాడు. అయితే మీరు పట్టుకోండి, నేను పోస్తాను అన్నాను. ఏమనుకున్నాడో, పట్టుకున్నాడు. పాములకూ తొండలకూ ఒక్కొక్క సీసాకూ పోసి బిరడాలు బిగించేసరికి మధ్యాహ్నమైంది.

తిరిగి పేటకు

ఏడు రోకలిబండలనూ మళ్ళీ మా కొండకే తెచ్చి సీతాఫలం చెట్ల కింద వదిలాను. వచ్చేటప్పుడు బస్సులో అదే కండక్టర్. డబ్బా ఎక్కడ పెట్టుకున్నానో వాడికి తెలియనివ్వలేదు. వసంత ఇచ్చిన పాత పుస్తకాల సంచిలో పెట్టి, కుదుపు తగలకుండా ఒళ్ళే పరుపుగా చేసి తెచ్చాను. పొదటూరుపేట దగ్గర వాడే ముక్కు ఎగబీల్చి, ఎవరో బాదంపాలు తెచ్చారన్నాడు. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

నెలన్నరకు వసంత నుంచి కవరు వచ్చింది. పాసైంది. కొత్త రకం కనిపెట్టిన గొప్ప లేదు, ఉన్న రకాన్నే నలభై సీసాలు చూసిన లెక్క ఉంది. దానితో పాటు పుస్తకంలోని ఆ పేజీని టైపు కొట్టించి పంపింది. మా ఆడబిడ్డకు ఇంగ్లీషు రాదు. మా వీధిలో తమిళ బడికి పోయి ఇంగ్లీషు నేర్చినవాళ్ళకు చూపిస్తే ఇది నేతవాళ్ళ లెక్క పద్ధతి గురించి అన్నారు. నా పేరుందా అని అడగలేదు.

ఆ కాగితం మగ్గం పక్క గోడకు అతికించాను. అందులో నాకు చదవడం వచ్చినవి నాలుగు అంకెలే. నాలుగు, పద్నాలుగు, రెండు, ఇరవై. ఆ నాలుగూ సరిగా ఉన్నాయో లేదో రోజూ పొద్దున ఒకసారి చూసుకుని మగ్గం ఎక్కుతాను.